జ్వరానికి పేరు: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో చౌక బాక్టీరియా నిర్ధారణ చరిత్ర

వ్యాససంగ్రహం

రోగకారక బాక్టీరియాను జాతి స్థాయిలో గుర్తించడం ఖరీదైన ప్రయోగశాలలకే సాధ్యమన్న అభిప్రాయం బలంగా ఉంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వైద్య అనుభవాన్ని చరిత్ర క్రమంలో చూస్తే ఈ అభిప్రాయం పూర్తిగా నిలవదు. కఫ పరీక్ష, కుష్ఠు నిర్ధారణకు చేసే చర్మ పరీక్ష, విడాల్ పరీక్ష, గొట్టాలలో చేసే జీవరసాయన పరీక్షలు అన్నీ చౌకవే. వీటిలో కొన్ని రోగికి మేలు చేశాయి. ఒకటి మాత్రం తరాలుగా దారి తప్పిస్తూ వచ్చింది. ఈ తేడా ధర వల్ల వచ్చింది కాదని, పరీక్ష చెప్పగలిగినదానికీ దాని నుంచి వైద్యుడు తీసుకున్న అర్థానికీ మధ్య ఉన్న దూరం వల్ల వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కఫ పరీక్ష, క్షయ, టైఫాయిడ్, విడాల్, మెలియాయిడోసిస్, జిల్లా ప్రయోగశాల, పాలమూరు, నల్లగొండ.

1. ఉపోద్ఘాతం

ప్రపంచ నీటిశుద్ధి గ్రంథాలలో నల్లగొండ పేరు నిలిచిపోవడానికి కారణం ఒక చౌక పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి శాస్త్రవేత్తలు ఈ జిల్లా పేరే పెట్టారు. తరువాత అది టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాలకు చేరింది. కిరాణా దుకాణంలో దొరికే సరుకుతో ఒక శాస్త్రీయ సమస్యకు జవాబు వెదికిన ప్రాంతమిది. అయితే ఇదే ప్రాంతంలో జ్వరంతో దవాఖానకు వచ్చిన మనిషికి ఏ సూక్ష్మజీవి వల్ల ఆ జ్వరం వచ్చిందో చెప్పే చౌక మార్గాల చరిత్రను పరిశోధకులు అంతగా పట్టించుకోలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ 1948 వరకు హైదరాబాదు సంస్థానంలోని జిల్లాలు. 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2014లో తెలంగాణ రాష్ట్రంలోనూ భాగమయ్యాయి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడ్డాయి. 2019లో నారాయణపేట ఏర్పడింది. ఈ వ్యాసంలో పాత జిల్లాల పేర్లు ఉమ్మడి అర్థంలోనే వస్తాయి. మెట్ట నేల, చెరువుల కింద సాగు, పని కోసం ఊరు విడిచి వెళ్ళే జనం ఈ రెండు జిల్లాల ఉమ్మడి లక్షణాలు. రోగ నిర్ధారణ చరిత్రలో వీటిలో మూడవదాని పాత్ర పెద్దది.

సంస్థానంలో ఆధునిక వైద్య విద్య ఆలస్యంగా వచ్చింది కాదు. 1846లోనే హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంలో వైద్య పాఠశాల ఏర్పడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసినప్పుడు అతని చేతిలో ఉన్నది చెమటకు మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శిని. మలేరియా కారకం బాక్టీరియా కాదు. అయినా పనిముట్టు పాతదైనా, వాడే కన్ను శిక్షణ పొందినదైతే చాలునన్న సంగతి దక్కనులో అప్పుడే రుజువైంది. ఇబ్బందల్లా ఆ కన్ను రాజధాని దాటి జిల్లాలకు చేరడంలోనే వచ్చింది.

2. కఫ పరీక్ష: ఎర్ర కడ్డీల లెక్క

1882 మార్చి 24న రాబర్ట్ కాఖ్ బెర్లిన్‌లో క్షయ కారక సూక్ష్మజీవిని ప్రకటించాడు. ఆ సంవత్సరమే జీల్, మరుసటి సంవత్సరం నీల్సన్ దానికి రంగు వేసే పద్ధతిని మెరుగుపరిచారు. ఆ పద్ధతి మౌలికంగా ఇప్పటికీ అదే. గాజుపలక మీద కఫాన్ని పలుచగా పులిమి, కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంజకం పోసి, ఆవిరి వచ్చేదాకా కింద నుంచి వేడి చేయాలి. ఆపై సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగి మిథిలీన్ బ్లూ వేయాలి. క్షయ బాక్టీరియా పై పొర మైనం వంటిది. వేడికి లోపలికి వెళ్ళిన ఎర్ర రంగును ఆమ్లం కూడా బయటకు లాగలేదు. మిగిలినవన్నీ నీలంగా మారితే ఇవి మాత్రం సన్నని ఎర్ర కడ్డీలుగా నిలుస్తాయి. పొయ్యి, మూడు సీసాలు, నూనె వేసి చూసే సూక్ష్మదర్శిని ఉంటే చాలు. కరెంటు లేకపోయినా అద్దంతో సూర్యకాంతిని మళ్ళించి చూడవచ్చు.

ఇంత తేలికైన పరీక్ష పల్లె వైద్యంలోకి రావడానికి దాదాపు ఎనభై సంవత్సరాలు పట్టింది. అందుకు కారణం పరీక్ష ఖర్చులో లేదు, క్షయను చూసిన దృష్టిలో ఉంది. ఇరవయ్యవ శతాబ్దం తొలి సగంలో క్షయ అంటే శానిటోరియం. 1915 నాటికి మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం దక్షిణాదిలో పేరుపొందిన కేంద్రమైంది. తెలంగాణ వారికి వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండ తెలిసిన చోటు. చల్లగాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, వీలైతే ఎక్స్‌రే: ఇదీ ఆనాటి చికిత్స. నాట్లకూ కోతలకూ మధ్య బతికే కూలికి ఇందులో ఒక్కటీ అందేది కాదు.

1959లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం ఇంటి వద్ద మందులు వాడిన రోగులూ శానిటోరియంలో ఉన్న రోగులూ సమానంగా కోలుకున్నారని చూపింది. ఆ సంవత్సరమే బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. అక్కడి బెనర్జీ, ఆండర్సన్ తుమకూరు జిల్లాలో చేసి 1963లో ప్రకటించిన అధ్యయనం ఈ చరిత్రలో మలుపు అనదగినది. కఫంలో బాక్టీరియా ఉన్న పల్లె రోగులలో ఇంచుమించు సగం మంది అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కారని అందులో తేలింది. వారిలో ఎక్కువ మందికి దక్కింది దగ్గు మందు సీసా. రోగి వైద్యుడిని వెతుక్కుంటూ వచ్చినా, వైద్యుడు కఫాన్ని చూడలేదు. పల్లె జనం అజ్ఞానం మీద అంతకాలం మోపిన నింద ఆ అధ్యయనంతో ఆసుపత్రి బల్ల మీదికి మారింది. ఇటువంటి పరిశీలనల పునాది మీదే జిల్లా క్షయ కార్యక్రమం రూపొందింది. దానిని మొదట ప్రయోగించి చూసింది తెలుగు నేల మీదే, అనంతపురం జిల్లాలో. 1962 నుంచి అది జాతీయ కార్యక్రమం.

1997లో మొదలై 2006 మార్చి నాటికి దేశమంతా విస్తరించిన సవరించిన కార్యక్రమం లక్ష జనాభాకు ఒక సూక్ష్మదర్శిని కేంద్రం ఉండాలని నిర్దేశించింది. గిరిజన, కొండ ప్రాంతాలలో ఈ లెక్క యాభై వేలకు ఒకటి. నల్లమల అంచున అమ్రాబాద్, మన్ననూరు వంటి చోట్ల ఈ సడలింపు కాగితం మీది అంకె కాదు. చెంచు పెంటల నుంచి రోగి నడవవలసిన మైళ్ళను అది తగ్గించింది. ఫలితం రాసే పద్ధతిని కూడా కార్యక్రమం కట్టుదిట్టం చేసింది. వంద క్షేత్రాలలో తొమ్మిదిలోపు కడ్డీలు కనబడితే ఆ సంఖ్యనే రాయాలి. పది నుంచి తొంభై తొమ్మిది ఉంటే ఒక ప్లస్. క్షేత్రానికి ఒకటి నుంచి పది వరకు ఉంటే రెండు, పదికి మించితే మూడు. చూసిన పలకలను దాచి ఉంచాలి. వాటిలో కొన్నింటిని మరొకరు, మొదటి ఫలితం తెలియకుండా, తిరిగి చూస్తారు. నిజానికి ఈ పరీక్షను నిలబెట్టింది రంజకం కన్నా ఈ రెండో చూపే. ఒక టెక్నీషియన్ పనిని మరొక టెక్నీషియన్ సరిచూసే ఏర్పాటు మన జిల్లా వైద్యంలో ఇంత క్రమంగా అమలైన పరీక్ష మరొకటి కనబడదు.

2009లో తీసుకున్న మరొక చిన్న నిర్ణయం పాలమూరు వంటి జిల్లాకు పెద్దది. అప్పటివరకు ప్రతి అనుమానితుని నుంచి మూడు కఫ నమూనాలు తీసుకునేవారు. మూడవ నమూనా వల్ల కొత్తగా దొరికే రోగులు చాలా తక్కువని తేలడంతో వాటిని రెండుకు కుదించారు. దేశమంతటా ఆనకట్టలకు, రోడ్లకు మట్టి మోసిన పాలమూరు కూలికి కఫం ఇవ్వడం, ఫలితం కోసం రావడం అంటే పోయిన కూలి దినాలు. మేస్త్రీ బండి కదిలే రోజుకు ముందే ఫలితం చేతికి రాకపోతే ఆ ఫలితం చేరవలసిన మనిషి ఊళ్ళో ఉండడు. పరీక్ష అసలు ధరను ఈ లెక్కతో కొలవాలి.

3. సగం పేరు చాలిన చోట్లు

కఫ పరీక్షకు హద్దులున్నాయి. ఒక మిల్లీలీటరు కఫంలో ఐదు నుంచి పది వేల బాక్టీరియా ఉంటేనే పలక మీద అవి కంటబడతాయి. పిల్లలలో, హెచ్‌ఐవీ ఉన్నవారిలో అంత సంఖ్య తరచుగా ఉండదు. కనబడిన కడ్డీ బతికి ఉందో లేదో, ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చెప్పదు. శాస్త్ర దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన హద్దు, అది జాతిని గుర్తించదు. ఎర్రగా నిలిచిన కడ్డీ మైకోబాక్టీరియం ప్రజాతికి చెందినదని మాత్రమే తెలుస్తుంది. మట్టిలో, నీటిలో బతికే దాని బంధువులు కూడా అదే రంగు చూపుతాయి.

దక్షిణ భారతంలో ఈ బంధువుల ప్రాముఖ్యం తక్కువది కాదు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన భారీ బీసీజీ పరీక్షలో టీకా పెద్దలకు ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ ఇవ్వలేదు. అందుకు ప్రతిపాదించిన కారణాలలో ఒకటి, నేలలోని మైకోబాక్టీరియాతో అక్కడి జనానికి ముందే ఉన్న పరిచయం. అంటే ఎర్ర కడ్డీకి పూర్తి పేరు పెట్టడం పండితుల ముచ్చట మాత్రమే కాదు.

ఆ పూర్తి పేరుకు కూడా చౌక మార్గం ఉండేది. కోడిగుడ్డు, మాలకైట్ గ్రీన్ రంగు కలిపి చేసే లోవెన్‌స్టీన్ జెన్‌సెన్ మాధ్యమంలో కఫాన్ని పెంచితే మూడు నుంచి ఎనిమిది వారాలలో పొడి బారిన గోధుమవన్నె గుత్తులు వస్తాయి. పారా నైట్రో బెంజోయిక్ ఆమ్లం కలిపిన మరో సీసాలో అవి పెరగకూడదు. నియాసిన్ పరీక్షలో పసుపు రంగు రావాలి. 68 డిగ్రీల వేడి తరువాత కాటలేజ్ పనిచేయకూడదు. ఈ షరతులు తీరితే అది క్షయ కారకమే. ఖర్చు గుడ్లకూ సీసాలకూ అయ్యేది. ఖరీదైనది కాలం. ఎనిమిది వారాల తరువాత వచ్చే పేరు కోసం రక్తం కక్కుతున్న రోగికి మందు ఆపి ఉంచడం కుదరదు. క్షయ విస్తారంగా ఉన్న జిల్లాలో, దగ్గుతో వచ్చిన రోగి కఫంలోని ఎర్ర కడ్డీ క్షయ బాక్టీరియానే అయ్యే సంభావ్యత చాలా ఎక్కువ. కనుక సగం పేరుతోనే చికిత్స మొదలుపెట్టడం అక్కడ సరైన నిర్ణయం. మందు పనిచేయని రోగి విషయంలో మాత్రం ఆ సగం పేరు చాలదు. ఆ ఖాళీని పూరించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించిన ఎక్స్‌పర్ట్ వంటి జన్యు పరీక్షలు, ఆ తరువాత గోవాలో తయారైన, బ్యాటరీతో నడిచే ట్రూనాట్ వచ్చాయి. రెండు గంటల లోపో, కొంచెం అటూ ఇటూగానో, క్షయ బాక్టీరియా ఉన్నదీ లేనిదీ, రిఫాంపిసిన్‌కు లొంగేదీ లేనిదీ ఇవి చెబుతాయి.

కుష్ఠు చరిత్ర ఇంకొక అడుగు ముందుకు వేసింది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915 ప్రాంతంలో ఇసబెల్ కెర్ నెలకొల్పిన ఆసుపత్రి కాలం నుంచి చెవి తమ్మె, నుదురు, మచ్చల అంచు నుంచి చర్మ రసం తీసి ఇదే ఎర్ర రంగు వేసి చూడడం తెలంగాణ కుష్ఠు వైద్యంలో భాగం. 1982 తరువాత బహుళ ఔషధ చికిత్స వచ్చింది. 1990ల చివరికి చర్మ పరీక్ష తప్పనిసరి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. మచ్చలు ఐదులోపు ఉంటే ఒక మందుల కట్ట, అంతకు మించితే మరొకటి. బాక్టీరియాను చూడవలసిన పని వేళ్ళ మీది లెక్కకు దిగింది. దీనిని శాస్త్రం వెనకడుగుగా విమర్శించినవారూ ఉన్నారు. కాని ఆరోగ్య కార్యకర్త తీసుకోవలసిన నిర్ణయం ఆ లెక్కతోనే చాలావరకు తేలిపోయింది.

4. విడాల్: తప్పక జవాబు చెప్పే పరీక్ష

టైఫాయిడ్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ 1896లో ఒక సంగతి ప్రకటించాడు. టైఫాయిడ్ రోగి రక్తరసాన్ని ఆ బాక్టీరియాతో కలిపితే బాక్టీరియా గుమికూడతాయి. రోగి శరీరం తయారు చేసిన ప్రతిరక్షకాలే అందుకు కారణం. రక్తరసాన్ని ఎంత పలుచన చేసినా గుమికూడడం కనబడితే అంత బలమైన ఫలితం. ఓ, హెచ్ అనే రెండు ప్రతిజనకాలకు వేర్వేరుగా ఈ స్థాయిని రాస్తారు. గాజుపలక మీద చేసే విడాల్ కిట్ వచ్చాక నిమిషాలలో ఫలితం దొరికే పరీక్షగా ఇది మండల కేంద్రాల దాకా వ్యాపించింది.

విడాల్ బాక్టీరియాను చూడదు. బాక్టీరియా శరీరంలో వదిలిన జ్ఞాపకాన్ని చూస్తుంది. టైఫాయిడ్ నిత్యం తిరిగే ప్రాంతంలో ఆ జ్ఞాపకం ఆరోగ్యవంతులలో కూడా ఉంటుంది. మునుపటి టీకా, ఇతర సాల్మొనెల్లా సోకడం, మలేరియా వంటి వేరే జ్వరాలు కూడా దానిని కదిలించగలవు. అందువల్ల పాఠ్యపుస్తకం ఎప్పుడూ రెండు నమూనాలు అడిగింది. వారం, పది రోజుల ఎడంతో తీసిన రెండింటి మధ్య స్థాయి నాలుగు రెట్లు పెరిగితేనే దానికి అర్థం. అలాగే ప్రతి ప్రాంతమూ తన ఆరోగ్యవంతులలో సహజంగా ఉండే స్థాయిని ముందుగా కొలిచి పెట్టుకోవాలి. ఆచరణలో ఈ రెండు షరతులూ జారిపోయాయి. ఒకే నమూనా, 1:80 లేదా 1:160, కింద ఎర్ర సిరాతో గీత. ‘టైఫాయిడ్ వచ్చింది’ అన్న మాట జ్వరానికి పర్యాయపదం కావడం తెలంగాణ పల్లెలలో ఎవరికీ కొత్త కాదు. వానలు మొదలై డెంగీ, మలేరియా, విషజ్వరాలు ఒకేసారి ముసిరే నెలలలో ఈ గీత ఎక్కువగా పడుతుంది.

ఇంత బలహీనమైన పరీక్ష ఇంతకాలం నిలవడానికి కారణాలను వైద్యుల అశ్రద్ధలో మాత్రమే వెదకడం న్యాయం కాదు. 1948లో క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌ను తగ్గిస్తుందని తెలిసింది. ఆ మందు చౌక. పేరు తప్పయినా మందు చేతిలో ఉండేది, పెద్ద నష్టం కనబడేది కాదు. చౌక మందు చౌక పేరును కాపాడింది. 1972లో కోళికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ కనబడింది. 1980ల చివర, 1990ల తొలి సంవత్సరాలలో పాత మందులన్నిటినీ ఎదిరించే రకం దేశమంతా పాకింది. తరువాత సిప్రోఫ్లోక్సాసిన్, అదీ మొద్దుబారాక సెఫ్‌ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్. ఇప్పుడు తప్పు పేరు ఖరీదైనది. వైరస్ జ్వరానికి సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు, నిజమైన టైఫాయిడ్‌కు పనిచేయని మాత్ర, రెండూ ఒకే ఎర్ర గీత నుంచి పుడతాయి. జడ్చర్ల పక్కన పోలేపల్లిలోనూ, నల్లగొండ వైపు చౌటుప్పల్ పరిసరాలలోనూ ఔషధ కర్మాగారాలు వెలిసిన జిల్లాలివి. మందు తయారీకి దొరికిన చోటు, ఆ మందు ఎవరికి అవసరమో తేల్చే పరీక్షకు దొరకలేదు.

రెండవ కారణం లోతైనది. టైఫాయిడ్ నిజంగా ఉన్న రోగి రక్తంలో కూడా బాక్టీరియా సంఖ్య చాలా తక్కువ. రక్తాన్ని పెంచే కల్చర్ పరీక్ష మంచి పరిస్థితులలోనే రమారమి సగం నుంచి అరవై శాతం సార్లు మాత్రమే దానిని పట్టుకుంటుంది. రోగి ముందే యాంటీబయాటిక్ మింగి వస్తే అది ఇంకా తగ్గుతుంది. పెద్దవారి నుంచి పది మిల్లీలీటర్ల దాకా రక్తం తీయాలి. నీరసించిన మనిషి నుంచి అంత రక్తం తీయడానికి కుటుంబం ఒప్పుకోదు. రెండు మూడు రోజులు ఆగాలి, చివరికి ‘ఏమీ పెరగలేదు’ అన్న కాగితం రావచ్చు. విడాల్ గంటలో ఏదో ఒకటి చెబుతుంది. నిజాయితీగా మౌనం వహించే పరీక్ష కన్నా తప్పక జవాబు చెప్పే పరీక్షకు జనంలోనూ వైద్యులలోనూ గిరాకీ ఉండడం అసహజం కాదు.

ఇక్కడే క్షయ, టైఫాయిడ్ చరిత్రలు విడిపోతాయి. రక్తంలోని ప్రతిరక్షకాలను బట్టి క్షయను తేల్చే కిట్లు కూడా ఒకప్పుడు దేశంలో విరివిగా అమ్ముడయ్యేవి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడవద్దన్నది. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం వాటి దిగుమతి, తయారీ, అమ్మకం నిషేధించింది. అవి విడాల్ కన్నా హీనమైనవి కావడం వల్లనే ఇది జరిగిందనుకోవడానికి లేదు. క్షయకు ఒక జాతీయ కార్యక్రమం ఉంది, దాని వెనుక లక్షల పలకలు చూసిన టెక్నీషియన్లు ఉన్నారు, తప్పుడు కిట్టు స్థానంలో పెట్టడానికి చేతిలో ఒక పరీక్ష ఉంది. టైఫాయిడ్‌కు ఆ మూడూ లేవు.

5. రంగు మారే గొట్టాలు

టైఫాయిడ్ బాక్టీరియాను ప్రత్యక్షంగా గుర్తించే చౌక పద్ధతి లేకపోలేదు. రక్తాన్ని పశువుల పిత్తం కలిపిన ద్రవంలో పెంచి, మక్కాంకీ పళ్ళెం మీద గీస్తే రంగులేని గుత్తులు వస్తాయి. లాక్టోజును పులియబెట్టే మామూలు పేగు బాక్టీరియా అయితే గులాబీ రంగు వచ్చేది. ఆ రంగులేని గుత్తిని సూదితో ఎత్తి కొన్ని గొట్టాలలో వేస్తారు. మూడు చక్కెరలు, ఇనుము ఉన్న గొట్టం అడుగు పసుపుగా, పైభాగం ఎర్రగా మారాలి, వాయువు బుడగ ఉండకూడదు, మధ్యలో సన్నని మీసకట్టు వంటి నలుపు రావాలి. సిట్రేట్ గొట్టం పచ్చగానే ఉండిపోవాలి. యూరియా గులాబీ రంగుకు తిరగకూడదు. ఇండోల్ ఎర్ర ఉంగరం రాకూడదు. బాక్టీరియా కదులుతూ ఉండాలి. చివరన ఒక చుక్క ప్రతిరక్షక ద్రావణంతో గుమికూడితే సాల్మొనెల్లా టైఫి ఖరారవుతుంది. వాయువు వచ్చి నలుపు రాకపోతే పారాటైఫి ఏ వైపు చూడాలి. పక్కనే మరో పళ్ళెం మీద మందు బిళ్ళలు పెడితే ఏ మందుకు లొంగుతుందో కూడా మరునాటికి తెలుస్తుంది.

ఈ గొట్టాలలో దేనికీ యంత్రం అక్కరలేదు. 37 డిగ్రీల వద్ద నిలిచే పెట్టె, ఆవిరి కుక్కరు వంటి ఆటోక్లేవు, తూకం చాలు. ఆ నల్లని మీసకట్టు వెనుక ఉన్న రసాయనం తెలుగు పల్లెలకు మరో దారిలో కూడా పరిచయమే. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు మంజా, మౌర్య, రావు ప్రకటించిన తాగునీటి పరీక్ష సీసాలో ఉన్నది అదే థయోసల్ఫేటు, అదే ఇనుము. మలంతో కలుషితమైన నీరు పోస్తే సీసా నల్లబడుతుంది. అది జాతిని చెప్పదు, చెప్పాలని ఉద్దేశించినదీ కాదు. బావిలో నీరు తాగవచ్చా లేదా అన్న ప్రశ్నకు అంతకన్నా అవసరం లేదు.

పేద దేశాల జిల్లా ప్రయోగశాల కోసం ఈ పరీక్షలను కూర్చిన పుస్తకాలు కూడా వచ్చాయి. 1973 నాటి మారిస్ కింగ్ గ్రంథం, మోనికా చీస్‌బ్రో రచనలు, 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన క్లినికల్ బాక్టీరియాలజీ మార్గదర్శిని ముఖ్యమైనవి. జిల్లా స్థాయిలో ఏ పరీక్ష చేయాలి, ఏది పై ప్రయోగశాలకు వదిలివేయాలి అన్న విభజన వీటి అసలు సారం. కోయాగులేజ్ పరీక్షకు కుందేలు ప్లాస్మా దొరకకపోతే పరీక్షించిన మనిషి ప్లాస్మా వాడవచ్చునన్న వంటి సర్దుబాట్లు వీటిలో నిండా ఉంటాయి.

ఉమ్మడి జిల్లాలకు ఈ విద్య వైద్య కళాశాలలతో వచ్చింది. నార్కట్‌పల్లిలో కామినేని సంస్థ, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ కళాశాల 1999లో ఏర్పడ్డాయి. ప్రభుత్వ కళాశాలలు 2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండ, సూర్యాపేటలకు, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు వచ్చాయి. 2019లోనే బీబీనగర్ ఎయిమ్స్ తొలి విద్యార్థులను చేర్చుకుంది. ఇరవై మూడేళ్ళ వ్యవధిలో ఎనిమిది సూక్ష్మజీవ శాస్త్ర విభాగాలు. గొట్టాల పరీక్ష రెండవ సంవత్సరం వైద్య విద్యార్థి ప్రాక్టికల్‌లో తప్పక చూసేదే. అది మార్కుల కోసం చూసే గొట్టంగా మిగలడమా, పక్క మండలం నుంచి వచ్చిన జ్వరానికి పేరు పెట్టే గొట్టంగా మారడమా అన్నది పరికరాల మీద ఆధారపడదు. ఆ విభాగపు ఫలితం వార్డులోని వైద్యుడిని మందు మార్చేలా చేస్తుందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

6. రంగూన్ మార్చురీ నుంచి వరిమడికి

పూర్తి పేరు తప్పనిసరి అయిన చోటు కూడా ఒకటుంది. 1911లో రంగూన్ మార్చురీలో ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి ఒక వింత న్యుమోనియాతో చనిపోయినవారి శరీరాలను పరీక్షించారు. ఆనాటి రంగూన్ రేవులోనూ మిల్లులలోనూ కోరంగి రేవు పేరు మీద ‘కోరంగీలు’ అని పిలిచిన తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు. ఆ నగరపు వైద్యం తెలుగు వలస చరిత్రకు పరాయిది కాదు. చనిపోయినవారిలో కనబడిన బాక్టీరియా గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ సూక్ష్మజీవిని పోలి ఉంది. కాని ఇది కదులుతుంది, అది కదలదు. ఇది మామూలు పెప్టోన్ అగర్ మీద త్వరగా, ముడతలు పడి పెరుగుతుంది. ఇద్దరూ 1912లో దీనిని కొత్త జాతిగా ప్రకటించారు. ఒక సూక్ష్మదర్శిని, ఒక అగర్ గొట్టం, శ్రద్ధగల రెండు జతల కళ్ళు ఒక జాతిని వేరు చేశాయి. ఇప్పుడు దాని పేరు బర్ఖోల్డేరియా సూడోమల్లై, అది తెచ్చే రోగం మెలియాయిడోసిస్.

ఇది తడి నేలలో, వరిమళ్ళలో బతుకుతుంది. మధుమేహం ఉన్నవారిని, మట్టిలో పనిచేసేవారిని వానాకాలంలో ఎక్కువగా పట్టుకుంటుంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతం వరి సాగుకు మారిన సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఊపిరితిత్తులలో చీము, బరువు తగ్గడం, నెలల జ్వరం: ఈ లక్షణాలు క్షయను పోలి ఉంటాయి. కఫంలో ఎర్ర కడ్డీలు ఉండవు. అయినా ఎక్స్‌రే చూసి క్షయ మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. క్షయ మందులు దీనిమీద పనిచేయవు, సెఫ్టజిడిమ్ లేదా మెరోపెనెం వెంటనే పడాలి. చికిత్స అందని తీవ్ర రోగి రోజులలో పోవచ్చు. ప్రయోగశాలలో కూడా దీనిని సూడోమోనాస్ అనో, నేల నుంచి వచ్చిన కల్తీ అనో పారవేసే అలవాటుంది.

దీన్ని పట్టుకోవడానికి కావలసినవి ఆక్సిడేజ్ కాగితం, మూడు మందు బిళ్ళలు. గ్రామ్ రంజకంలో రెండు కొనలూ ముదురుగా, మధ్య పాలిపోయి కనబడే ఎర్ర కడ్డీ, ఆక్సిడేజ్ పాజిటివ్. జెంటమైసిన్, పాలిమిక్సిన్ బిళ్ళల చుట్టూ ఖాళీ ఏర్పడదు, అమాక్సిసిలిన్ క్లావులనేట్ చుట్టూ ఏర్పడుతుంది. ఇంత తెలిస్తే అనుమానం బలపడి నమూనా పై ప్రయోగశాలకు వెళుతుంది, మందు ఆ రోజే మారుతుంది. కోటి రూపాయలకు పైబడిన మాల్డీ టాఫ్ యంత్రం, దాని జాబితాలో ఈ జాతి లేని రోజులలో, దీన్ని నిరపాయకరమైన దాని దాయాది థైలాండెన్సిస్‌గా చదివిన సందర్భాలున్నాయి. యంత్రం తనకు చెప్పిన పేర్లలోనే వెదుకుతుంది.

7. ప్రయాణించే నమూనా

2018లో హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఆవరణలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల మొదలైంది. 2021 జూన్ 9న 19 జిల్లాలలో దాని శాఖలు తెరిచారు. మహబూబ్‌నగర్, నల్లగొండ, గద్వాల అందులో ఉన్నాయి. అప్పట్లో 57 రకాల పరీక్షలు ఉచితంగా చేసేవారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం వాహనంలో జిల్లా కేంద్రానికి వెళుతుంది, ఫలితం ఫోనుకు వస్తుంది. రోగి జేబు నుంచి పరీక్ష ఖర్చును తప్పించిన ఏర్పాటు ఇది. పాలమూరు కూలి దినపు లెక్కలో దీనికి విలువ ఎక్కువ.

చక్కెర, క్రియాటినిన్ వంటి కొలతలకు ఇటువంటి ప్రయాణం సరిపోతుంది. బాక్టీరియా నమూనా అలా కాదు, అది సజీవం. ఎండాకాలపు వాహనంలో మూత్రపు సీసాలోని ఇ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. అచ్చంపేటలో తీసిన నమూనా సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరితే పళ్ళెం మీద వచ్చే సంఖ్య రోగి శరీరంలోనిది కాదు, దారిలో పెరిగినది. మలంలోని షిగెల్లా అందుకు విరుద్ధంగా దారిలోనే చనిపోతుంది. దీనికీ పాత, చౌక జవాబులున్నాయి. మూత్రపు సీసాలో ముందే 1.8 శాతం గాఢత వచ్చేలా బోరిక్ ఆమ్లం పొడి వేసి పంపితే సంఖ్య నిలకడగా ఉంటుంది. మలానికి 1964లో రూపొందిన కేరీ బ్లెయిర్ మాధ్యమం ఉంది. రక్తాన్ని గొట్టంలో కాక నేరుగా కల్చర్ సీసాలో తీసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా పంపాలి. ఇవన్నీ తెలియవలసింది జిల్లా కేంద్రంలోని నిపుణునికన్నా ముందు ఆరోగ్య కేంద్రంలో నమూనా తీసే స్టాఫ్ నర్సుకు, ఆ సీసాలను ఏ పెట్టెలో సర్దాలో చూసుకునే వాహన డ్రైవరుకు.